బరువు కింద కుర్చీ

ఆరేసిన దుప్పటి మీద తెల్లటి పొడి.

ముదురు నీలం దుప్పటి. పొద్దున ఉతికి వసారాలో తీగ మీద వేసింది. మధ్యాహ్నానికి ఎండి పెళపెళమంటోంది. దాని మీద, జల్లెడ పట్టి చల్లినట్టు, తెల్లటి పొడి.

ఆమె దులిపింది. పొడి వేళ్ళకి అంటుకుంది. వాసన చూసింది. పాత సిమెంటు వాసన.

తలెత్తింది.

కప్పు మీద ఒక గీత. వెంట్రుకంత గీత. గోడ దగ్గర బయలుదేరి, సగం దూరం వచ్చి, ఆగింది... ముందుకు పోవాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు.

ఆ కప్పు మీదే పై వాటా బాల్కనీ. బాల్కనీలో బావగారి పూలచెట్టు, పులి ఆర్కిడ్.

ఇల్లు ఒకటే. పై వాటా అన్నది, కింది వాటా తమ్ముడిది. మెట్లు బయటి నుంచి. అన్నదమ్ములకి ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. తోటికోడళ్ళకి మాత్రం మెట్ల మీద మాటలున్నాయి. నాలుగో మెట్టు మీద కింది ఆమె, ఆరో మెట్టు మీద పై ఆమె, మధ్యలో ఒక మెట్టు ఖాళీ. మొగుళ్ళు వింటుంటే కూరగాయల గురించి. వినకపోతే మొగుళ్ళ గురించి.

ఆ రోజు ఆమె నాలుగో మెట్టు దగ్గర ఆగలేదు. పైదాకా వచ్చేసింది.

"బావగారూ, మీ చెట్టు మా నెత్తి మీదికి దిగేలా ఉంది."

ఆయన్ని వీధిలో అందరూ క్రేనాయన అంటారు. ముప్ఫై నాలుగేళ్ళు రేవులో క్రేను నడిపాడు. రిటైరై రెండేళ్ళయినా ఏ వస్తువు చూసినా ముందు దాని బరువే చూస్తాడు. బీరువాని చూస్తే తొంభై. ఎదురింటి పెద్దమనిషిని చూస్తే డెబ్భై ఆరు. భార్యని చూసి మాత్రం ఏమీ అనడు. ఒకసారి అని అనుభవించాడు.

చెట్టు బరువూ ఆయనకి తెలుసు.

తెలిసే ఊరుకున్నాడు. సంగతంతా అక్కడే ఉంది.

సగానికి కోసిన ఇనప పీపా. అందులో బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్కలు. వాటిలోంచి చెరుకు గడల్లాంటి కాడలు. ముప్ఫై ఒకటి. ఒక్కొక్కటి మణికట్టంత లావు, మనిషంత ఎత్తు. మొదలు చుట్టూ తెల్లటి వేళ్ళు — నేలలోకి దిగవు ఇవి, సూదుల్లా పైకి లేచి గూడులా అల్లుకుంటాయి. గూట్లో ఆకు రాలితే చెట్టుకి తిండి. వాన పడితే నీళ్ళు.

పొడిగా ఉంటే రెండువందల ఎనభై కిలోలు. తడిస్తే మూడువందల యాభై.

పదకొండేళ్ళు పెంచాడు. ఎండ ఎటు తిరిగితే పీపాని అటు జరిపాడు. పాత పళ్ళబ్రష్షుతో ఆకుల వెనక పొలుసు పురుగుల్ని గీకాడు. చేపలు కడిగిన నీళ్ళు పోశాడు. ఇల్లంతా కంపు కొట్టింది, భార్య మూడు రోజులు ముక్కు మూసుకునే వడ్డించింది. పదకొండేళ్ళలో ఒక్క పువ్వు లేదు.

ఈ ఏడాది పూలకాడ వేసింది.

మొదలులోంచి, బొటనవేలంత లావున, గులాబీ ఛాయలో. కొత్త కొమ్మేమో అనుకున్నాడు. వారం చూశాడు. కొమ్మ కాదు. పీపా అంచు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. రోజుకో అంగుళం చొప్పున పెరిగి ఇప్పుడది ఆయన్ని దాటిపోయింది. నలభై మూడు మొగ్గలు. చింతగింజంత ఉన్నవి కొన్ని, చిక్కుడుకాయంత ఉన్నవి కొన్ని.

ఇంకో మూడు వారాలు.

"దించెయ్యండి బావగారూ" అంది మరదలు.

"దించాలంటే కొయ్యాలమ్మా. కోస్తే మొగ్గలు నిలబడవు. మూడు వారాలు ఓపిక పట్టండి. అంతదాకా వసారాలోకి ఎవరూ వెళ్ళొద్దు. వాడికి చెప్పు."

"మీరే చెప్పకూడదూ?"

ఆయన గుడ్డ తడిపి ఆకు తుడవడం మొదలుపెట్టాడు.

మర్నాడు మూడు గంటలకి కింద చప్పుడు.

గచ్చు మీద ఇనప కుర్చీ ఈడ్చిన చప్పుడు.

ఆయన కటకటాల మీంచి వంగి చూశాడు. మనిషి కనిపించలేదు. బాల్కనీ అంచు కింద నుంచి రెండు కాళ్ళు బయటికి చాచి ఉన్నాయి. ఎడమకాలి చెప్పుకి పిన్నీసు. తమ్ముడు.

అయిదు దాకా ఆ కాళ్ళు కదల్లేదు.

మర్నాడు మళ్ళీ మూడింటికి. ఆ మర్నాడూ. గోడవారగా కాదు, నీడ కోసం కాదు... సరిగ్గా గీత కింద.

రేవులో ఇరవై రెండేళ్ళు ఇద్దరిదీ ఒకే జట్టు.

అన్న పైన, క్యాబిన్‌లో. తమ్ముడు కింద, చేతులతో. పైనున్నవాడికి కొన్నిసార్లు బరువే కనిపించదు. కిందివాడి చెయ్యే వాడికి కన్ను. చూపుడువేలు గుండ్రంగా తిప్పితే ఎత్తు. అరచెయ్యి కిందికి ఊపితే దించు. పిడికిలి బిగిస్తే... ఆగు. ఇంట్లో అన్నం దగ్గరా అదే భాష. తమ్ముడు అరచెయ్యి ఊపితే కూర వెయ్యాలి, పిడికిలి బిగిస్తే చాలు. ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక గరిటె కింద పెట్టేవాళ్ళు.

చెట్టు కూడా ఆ రేవులో దొరికిందే. ఎక్కడి అడవుల నుంచో కలప దుంగలు వచ్చాయి. ఒక దుంగని కరుచుకుని రెండు పచ్చటి కాడలు. తమ్ముడు వాటిని ఊడబెరికి, క్యాబిన్ కేసి ఎత్తి చూపిస్తూ అరిచాడు. "అన్నయ్యా, ఇది ఇంకా బతికే ఉంది!"

మూడేళ్ళ తర్వాత ఒక రోజు. మధ్యాహ్నం మూడు గంటలు.

ఇనప పైపుల కట్ట గాలిలో ఉంది. గాలి విసురుగా ఉంది. తమ్ముడు పిడికిలి బిగించాడు. కట్ట ఆగలేదు. ఊగి, పక్కన ఆగి ఉన్న లారీని కొట్టింది. దిగబోతున్న డ్రైవరు కాలు నుజ్జయింది.

విచారణ. బల్లకి అవతల ముగ్గురు.

"ఆపమని సిగ్నల్ వచ్చిందా?"

అన్న వాళ్ళ ముఖాలు చూడలేదు. బల్ల మీదున్న పేపరువెయిటుని చూశాడు. పావుకిలో ఉంటుందనుకున్నాడు.

"రాలేదండీ."

ఆ ఒక్క మాట. తమ్ముడి ఉద్యోగం పోయింది. గోడౌన్ దగ్గర రాత్రి కాపలా పని దొరికింది. అన్న రిటైరైన రోజున మెచ్చుకోలు పత్రం ఇచ్చారు, ముప్ఫై నాలుగేళ్ళలో ఏ ప్రమాదానికీ బాధ్యుడు కాడని. దాన్ని బీరువా అడుగున పెట్టాడు. బోర్లా.

తమ్ముడు అరవలేదు. పదిమందిలో పెట్టలేదు. తన భార్యతో కూడా "సిగ్నల్ ఇచ్చాను" అనే తప్ప ఇంకో మాట అనలేదు. అన్నతో మాట్లాడడం మానేశాడు, అంతే.

బరువు కింద మనిషి ఉండకూడదు. రేవులో మొదటిరోజు నేర్పే మాట. గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది.

ఇప్పుడు తమ్ముడు అన్న బరువు కింద కుర్చీ వేసుకున్నాడు.

మొగ్గల మీదున్న చెట్టు దాహం మనిషి దాహం కాదు. రోజుకి నాలుగు బకెట్లు తాగేది.

ఆయన మూడు చేశాడు. రెండు చేశాడు. తర్వాత మగ్గు పట్టుకున్నాడు. మగ్గుకి ఒక కిలో. ఒక మగ్గు పోసి ఆగేవాడు. చెవి ఒగ్గి వినేవాడు. ఇంకో మగ్గు... మళ్ళీ వినేవాడు. వేళ్ళ మధ్య నీరు ఇంకుతున్న చప్పుడు. బొగ్గు చిటపట. కింద ఎవరో దగ్గిన చప్పుడు.

మూడు కొట్టాక చుక్క కూడా లేదు. తడిగుడ్డతో ఆకులు తుడవడమే.

నాలుగో రోజు కాడ కొసన ఉన్న మొగ్గ పసుపు తిరిగింది. ముట్టుకోకుండానే రాలింది.

నలభై రెండు.

కప్పుకి ఆసరాగా గుంజలు నిలబెట్టమని మేస్త్రీని కిందికి పంపాడు. తమ్ముడు గేటు దగ్గరే తిప్పి పంపేశాడు. మేస్త్రీ పైకొచ్చి నుదురు తుడుచుకున్నాడు.

"పంపినాయన్నే రమ్మంటున్నారండీ."

ఆయన వెళ్ళలేదు.

రంపం తీశాడు. పూలకాడ కేసి చూశాడు. రంపం పెట్టేశాడు. మర్నాడు మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టేశాడు. ఆ రంపం అరిగింది కొయ్యడం వల్ల కాదు... తియ్యడం, పెట్టడం వల్ల.

మెట్ల మీద మాటలు పైకి వినబడుతున్నాయి.

"నిన్న ఆ గీతలో గోరు కూడా దూరేది కాదక్కా. ఇవాళ దువ్వెన పన్ను దూరుతోంది."

"లేవమని చెప్పవే మీ ఆయన్ని."

"చెప్పకేం? నా ఇల్లు, నా వసారా, నా నడ్డి అంటాడు. ఆ మూడిట్లో ఏదో ఒకటి పోయేదాకా లేవడట."

పై ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

లోపలికొచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"నీళ్ళు తగ్గిస్తే సరిపోతుందా? వెళ్ళి ఆ మాటేదో చెప్పి రండి."

"ఏ మాట?"

"నాకేం తెలుసు. ఎనిమిదేళ్ళుగా మీ గొంతులో అడ్డంపడి ఉందిగా, ఆ మాట. పక్కన పడుకునేదాన్ని. మీరు గుటకేసినప్పుడల్లా నాకు వినిపిస్తుంది."

ఆయన గుటకేశాడు.

ఆమె తల అడ్డంగా ఊపి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పదకొండో రోజు. మూడుకి పది నిమిషాలు తక్కువ.

కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఆ వెంటనే ఆకాశంలో ఇంకో చప్పుడు.

మబ్బు ఎప్పుడు కమ్ముకుందో ఆయన చూడలేదు. మొగ్గలు లెక్కపెడుతున్నాడు. ముప్ఫై ఎనిమిది. మొదటి చినుకు ఆకు మీద పడింది — బరువుగా, చెంపదెబ్బలా. రెండోది. తర్వాత లెక్క లేదు.

"టార్పాలిన్!"

భార్య పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ కప్పబోయారు. గాలి అటు మూల పట్టుకుంటే ఇటు మూల ఎగరేసింది. పూలకాడకి తగలకుండా పట్టుకోవాలి. పట్టుకోలేకపోయారు. టార్పాలిన్ కటకటాలు దాటి వీధిలోకి ఎగిరిపోయింది.

వేళ్ళ గూడు నిండుతోంది. పదకొండు రోజుల దాహం. చెట్టు తాగుతోంది. బొగ్గు తాగుతోంది. ఇటుక తాగుతోంది. ఆయన కళ్ళ ముందు తూకం ముల్లు కదులుతోంది. మూడు వందలు... మూడువందల పది... ఇరవై...

కాళ్ళ కింద ఏదో విరిగింది.

పెద్ద చప్పుడేం కాదు. ఎవరో పక్కన వేలు విరుచుకున్నట్టు.

వంగి చూశాడు. వాన తెర వెనక రెండు కాళ్ళు. చాచి. కదలకుండా.

"లేవరా!" అని అరిచాడు.

ఎనిమిదేళ్ళలో మొదటి మాట. వాన మింగేసింది.

మెట్లు ఎలా దిగాడో ఆయనకి తెలియదు. చెప్పులు లేవు. మోకాలు చెక్కుకుపోయింది. వసారా ముందు నిలబడ్డాడు. తమ్ముడు కుర్చీలో. పక్కనే నిలబడి మరదలు అతని భుజం పట్టి లాగుతోంది. అతని జుట్టు నిండా తెల్లటి పొడి. ఒక్కసారిగా ముసలివాడైనట్టు.

"లే. లేవరా. పడిపోతుంది."

తమ్ముడు ఆయన్ని చూశాడు. కోపంగా చూడలేదు. దానికే ఆయనకి భయమేసింది.

"సిగ్నల్ ఇవ్వనా అన్నయ్యా? ఇస్తే చూస్తావా?"

కప్పులోంచి పెచ్చు ఒకటి రాలి గచ్చు మీద పగిలింది. మరదలు కెవ్వుమంది. తమ్ముడు కదల్లేదు.

అన్న వసారాలోకి వచ్చాడు. బరువు కిందికి. తమ్ముడి ఎదురుగా నిలబడ్డాడు. ఇద్దరి మీదా పొడి రాలుతోంది.

"ఇచ్చావు" అన్నాడు. "పిడికిలి బిగించావు. నేను చూడలేదు."

"ఎటు చూశావు?"

అన్న గొంతులో గుటక.

"ఎటు చూశావన్నయ్యా?"

"ఫ్లాస్కు మూత... తిప్పుతున్నాను. టీ కోసం. బిగుసుకుపోయింది. తిప్పుతున్నాను."

వాన. వాన. వాన.

"మూతా?" అన్నాడు తమ్ముడు.

అన్న తలవంచుకున్నాడు.

"ఎనిమిదేళ్ళు... నీకేమైనా కళ్ళు తిరిగాయేమో అనుకున్నాను. గుండె నొప్పేమో, బయటికి చెబితే ఉద్యోగం తీసేస్తారని దాచావేమో అనుకున్నాను. నీ తరఫున నేనే ఎన్ని కారణాలు వెతికానో..." పొడి పడ్డ కళ్ళు నులుముకున్నాడు. "మూతా అన్నయ్యా?"

"మూతే."

మెట్ల మీద భార్య నిలబడి ఉంది, తడిసి ముద్దయి. ఆమె విన్నది. మరదలు విన్నది. బల్లకి అవతల ముగ్గురు లేరు, అంతే తేడా.

తమ్ముడు లేచాడు.

లేచి అన్నని కొట్టలేదు. కౌగిలించుకోలేదు. ముఖం మీద పొడిని మోచేత్తో తుడుచుకుని వానలోకి నడిచాడు. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా అన్నాడు.

"రంపం ఎక్కడ పెట్టావు?"

వానలోనే కోశారు.

ముందు పీపా అడుగున తూటు పొడిచారు. నల్లటి నీళ్ళు బాల్కనీ అంచు మీంచి ధారగా దూకాయి. తర్వాత పీపాని గోడవైపు, స్లాబు మొదలు దగ్గరికి, గడ్డపారతో అంగుళం అంగుళం జరిపారు. ఆడవాళ్ళిద్దరూ కింద గేటు బయట, గొడుగు ఉండి కూడా తడుస్తూ, పైకి చూస్తున్నారు.

రంపం వేళ్ళ గూట్లో దిగింది. పచ్చటి వాసన వచ్చింది. పచ్చి వేరుశనగ లాంటి వాసన. తెల్లటి వేళ్ళు పటపట తెగాయి. ఒక్కొక్కటి తెగుతుంటే ఆయన పళ్ళు బిగపట్టాడు. మొదటి ముక్క ఊడింది. డెబ్భై కిలోలు. ఇద్దరూ దించారు. రెండో ముక్క. అదీ దించారు.

మిగిలింది పూలకాడ ఉన్న ముక్క. అదే అన్నిటికన్నా బరువు.

ఇక ఆయనకి ఓపిక లేదు. ఆశ కూడా లేదు. కాడ అడ్డం వస్తుంది, మెట్ల మలుపులో తిరగదు. మొదలు దగ్గర రంపం ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు... తెరిచాడు.

ఎదురుగా తమ్ముడి చెయ్యి.

పిడికిలి.

ఆయన ఆగాడు.

మాటల్లేకుండా దించారు. తమ్ముడు ముందు, వెనక్కి నడుస్తూ. అన్న పైమెట్టు మీద, ముక్కని తాళ్ళతో పట్టుకుని. ఒక చేత్తో మోస్తూ ఇంకో చేత్తో చెబుతున్నాడు తమ్ముడు. అరచెయ్యి కిందికి. కొంచెం. కొంచెం. పిడికిలి. మలుపు దగ్గర పూలకాడ గోడకి ఆనింది, విల్లులా వంగింది. చూపుడువేలు... పైకి. ఒక్క బెత్తెడు పైకి. కాడ గోడ మీంచి జారి, ఊగి, నిటారుగా నిలబడింది.

నాలుగు మొగ్గలు మెట్ల మీద రాలాయి. ఎవరూ వాటిని తొక్కలేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చి, కప్పుకి గుంజలు పెట్టి, సుత్తితో కొట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పడేదా?" అడిగింది మరదలు.

"ఏం చెప్పమంటారమ్మా. పదేళ్ళు ఉండేదేమో. నిన్న సాయంత్రమే పడేదేమో." గీతలో వేలు పెట్టి తీశాడు. "చూసి ఎవడూ చెప్పలేడు."

మూడు ముక్కల్నీ కింది వాటా ముందు, ప్రహరీ పక్కన, ఇటుకల మీద నిలబెట్టారు. కోసినచోట బొగ్గుపొడి అద్దారు. పూలకాడకి వెదురు కర్ర కట్టారు. పనయ్యాక తమ్ముడు చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. రెండు రోజులు పగలు బయట కనపడలేదు.

లారీ డ్రైవరు ఎక్కడుంటాడో కనుక్కోమని అన్న పాత జట్టువాళ్ళకి ఫోను చేశాడు. రేవు ఆఫీసుకి ఒక ఉత్తరం మొదలుపెట్టాడు. 'అయ్యా' దగ్గర ఆగింది. మర్నాడు ఇంకో వాక్యం రాశాడు. కొట్టేశాడు. మళ్ళీ రాశాడు.

మూడో రోజు పొద్దున్నే, ఎండ రాకముందు, నీళ్ళు పోద్దామని మగ్గుతో దిగాడు.

చెట్టు అప్పటికే తడిసి ఉంది.

ఎవరో పోశారు. ఎవరో ఏమిటి... గచ్చు మీద తడి చెప్పుల గుర్తులు కింది వాటా గుమ్మం దాకా ఉన్నాయి. ఎక్కువ పోశారు. చాలా ఎక్కువ. ఇంకా విచ్చుకోని లేత ఆకుల గొట్టాల్లో నీళ్ళు నిలిచాయి. అక్కడ నీళ్ళు నిలిస్తే కాడ లోపలి నుంచి కుళ్ళుతుంది. రెండు రోజుల్లో నల్లబడుతుంది. కోసిన చెట్టుకి ఇంకా తొందరగా.

ఆయన మూసిన తలుపు కేసి చూశాడు.

తలుపు తట్టి చెప్పాలి. నువ్వు తప్పు చేశావని చెప్పాలి. ఆ మనిషికి. ఆ మాట.

తట్టలేదు. జేబురుమాలు తీసి, చివర పురికొసలా మెలిపెట్టి, ఒక్కో గొట్టంలోకి దింపి నీళ్ళు పీల్చాడు. పిండాడు. మళ్ళీ దింపాడు.

మర్నాడు మళ్ళీ తడి. మళ్ళీ రుమాలు.

అయిదు రోజులు అలా సాగింది. తమ్ముడు తెల్లారకముందు డ్యూటీ నుంచి వచ్చి పోస్తాడు. అన్న తెల్లారాక దిగి పీలుస్తాడు. మొగ్గలు ఇరవై తొమ్మిదికి వచ్చాయి. మొదటి మొగ్గ మాత్రం ఉబ్బింది. కొసన సన్నటి చీలిక... లోపల పసుపు, దాని మీద గోధుమరంగు చుక్క ఒకటి. విచ్చుకుంటుందో, అలాగే రాలుతుందో. ఆయన పదకొండేళ్ళు పెంచాడు కానీ పువ్వు సంగతి ఆయనకీ తెలియదు.

ఆరో రోజు తలుపు తెరుచుకుంది.

తమ్ముడు గుమ్మంలో ఉన్నాడు. చేతిలో నిండు మగ్గు. అన్న చెట్టు మీద వంగి ఉన్నాడు. చేతిలో తడిసిన రుమాలు. రుమాలు కొస ఇంకా ఆకు గొట్టంలోనే ఉంది. దాచడానికి వీల్లేదు.

తమ్ముడు రుమాలు చూశాడు. గచ్చు మీద పిండిన నీళ్ళ మడుగు చూశాడు.

"ఎక్కువైందా?"

అన్న నోరు తెరిచాడు. లేదు అనడం ఎంత తేలిక. నాలుక చివరే ఉంది.

"కొంచెం" అన్నాడు.

ఎండ ప్రహరీ ఎక్కింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. తమ్ముడు చేతిలో మగ్గు కేసి చూసుకున్నాడు, దానిలో ఏదో రాసి ఉన్నట్టు.

"కొంచెం అంటే ఎంత?"